ఇంటి జ్ఞాపకాలను నోటుపుస్తకంలోకి ఎక్కించడం ఎలా: మొదటి పేజీ నుంచి చివరి దిద్దుబాటు వరకు

మా అమ్మ పోయిన మూడో నెలలో అటక మీది సామాను దించుతుంటే ఒక ఇత్తడి గంజు బయటపడింది. అందులో ఆమె ఏమేమి వండేదో, అది పొయ్యి మీద ఉన్నప్పుడు ఇల్లంతా ఎట్లాంటి వాసన నిండేదో, దాని అంచు మీది సొట్ట మా తమ్ముడి చేతిలోంచి జారినప్పుడు పడిందన్న సంగతితో సహా అన్నీ నాకు గుర్తున్నాయి. కానీ అమ్మ ఆ గంజును ఏ పేరుతో పిలిచేదో మాత్రం ఎంత ఆలోచించినా తోచలేదు. చిన్నమ్మకు ఫోన్ చేసి అడిగితే ఆమె క్షణం కూడా ఆగకుండా, "అది ఎములాడ గంజు గదా బిడ్డా! మీ అమ్మమ్మ రాజన్న దగ్గరికి పోయినప్పుడు కొనుక్కొచ్చింది" అన్నది. మా వైపు వేములవాడను ఎములాడ అని, అక్కడి రాజరాజేశ్వరస్వామిని రాజన్న అని అంటారు. ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తీసి చిన్నమ్మ చెప్పిన ఆ రెండు మాటలు రాసుకున్నాను. అది జరిగి పదకొండేళ్లయింది, ఇప్పటికి తొమ్మిది నోటుపుస్తకాలు నిండాయి.

హనుమకొండలో, వరంగల్‌లో నా ఈడు వాళ్లు కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు, "నాకూ రాసుకోవాలని ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంటూనే ఉంటారు. వాళ్ల కోసమే ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇది అచ్చు వేసే ఆత్మకథకు సంబంధించినది కాదు. ఇంటివాళ్లు చదువుకోవడానికి, ముందు ముందు పుట్టబోయే వాళ్లకు అందించడానికి, అన్నిటికన్నా ముందుగా రాసేవాళ్లు ఆ రాసే అరగంటలో సంతోషపడడానికి ఉద్దేశించిన పని ఇది.

మొదటి మెట్టు: పుస్తకం, పెన్ను, వేళ

గీతలున్న 200 పేజీల లాంగ్ నోటుపుస్తకం ఒకటి చాలు. కుడివైపు పేజీలోనే రాయాలి, ఎడమవైపు పేజీని పూర్తిగా ఖాళీగా వదిలేయాలి. కాగితం వృథా అవుతోందని మొదట్లో అనిపించినా, ఆ ఖాళీ ఎందుకో చివరి మెట్టు దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది. జెల్ పెన్నుతో రాసింది నీళ్లు తగిలితే చెదిరిపోతుంది కాబట్టి మామూలు బాల్ పెన్నుతో రాయడం మేలు. రోజూ ఒకే వేళకు కూర్చుంటే, కూర్చున్నంతనే పాత సంగతులు వాటంతట అవే కదలడం మొదలుపెడతాయి. నేను రాత్రి తిన్న తర్వాత, ఇల్లు సద్దుమణిగాక, అరగంట కూర్చుంటాను. ఒక రోజు నాలుగు వాక్యాలే వచ్చినా తేదీ వేసి మూసేస్తాను.

రెండో మెట్టు: పుట్టుకతో కాదు, వస్తువుతో మొదలుపెట్టాలి

"నేను ఫలానా సంవత్సరంలో, ఫలానా ఊరిలో జన్మించాను" అని మొదలైన నోటుపుస్తకాలు పదో పేజీ దాటకుండా ఆగిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. పుట్టుక మనకు గుర్తున్న సంగతి కాదు, ఎవరో చెప్పగా తెలిసిన సంగతి. గుర్తులేని చోటు నుంచి బయలుదేరితే రాత బడి వ్యాసంలా గట్టిపడుతుంది. దానికి బదులు, చేత్తో పట్టుకున్న ఒక వస్తువును తలచుకుని మొదలుపెట్టాలి.

పరకాల దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో కరెంటు ఉన్నా అది రాత్రిపూట ఎప్పుడు పోతుందో తెలియదు గనుక కందీలు లేని ఇల్లు ఉండేది కాదు. దాని గురించి నేను మొదటిసారి రాసినప్పుడు, "ఆ రోజుల్లో కందీలు వెలుతురులో చదువుకునేవాళ్లం, ఆ రోజులు ఎంతో మధురమైనవి" అని రెండు ముక్కల్లో తేల్చేశాను. మర్నాడు చదివితే అందులో మా ఇల్లు ఎక్కడా కనిపించలేదు, ఆ వాక్యాన్ని ఎవరి పుస్తకంలోనైనా పెట్టవచ్చు. అప్పుడు నన్ను నేనే ప్రశ్నలు అడుగుతూ మళ్లీ రాశాను. పొద్దుగూకే ముందు ఆ అద్దపు బుగ్గను ఎవరు తుడిచేవాళ్లు? పొయ్యిలోని మెత్తటి బూడిదను పాత పంచె పీలికకు అద్దుకుని మా పెద్దక్క తుడిచేది, ఎందుకంటే ఆమె చెయ్యి ఒక్కటే ఆ బుగ్గలో పట్టేంత సన్నగా ఉండేది. వత్తి ఎగుడుదిగుడుగా ఉంటే మంట ఒకపక్కకు లేచి బుగ్గ నల్లబడేది కాబట్టి అమ్మమ్మ దాన్ని అడకత్తెరతో సమంగా కత్తిరించేది. రేషన్ గాసునూనె నెలాఖరుకు అడుగంటినప్పుడు వత్తిని మునివేలంత కిందికి దించి, "ఇగ కథలు చెప్పుకోండ్రి, సదువు రేపు" అనేది. ఆ కథల రాత్రులన్నీ గాసునూనె అయిపోయిన రాత్రులేనన్న సంగతి నాకు ఇన్నేళ్ల తర్వాత, ఆ పేజీ రాస్తుంటేనే తట్టింది. ఈ పనిలోని సంతోషం నాకు అక్కడే మొదలైంది: తెలిసిన సంగతే రాస్తున్నానని అనుకుంటూ కూర్చుంటే, రాస్తున్నకొద్దీ తెలియని సంగతి ఒకటి బయటపడుతుంది.

కాబట్టి ఏ వస్తువును తీసుకున్నా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. దాన్ని ఎవరు తెచ్చారు, ఇంట్లో ఎక్కడ ఉండేది, ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు, పాడైతే ఎవరు బాగుచేసేవాళ్లు, చివరికి ఏమైపోయింది. గుమ్మి, ఇసుర్రాయి, బాయి గిరక, గోలెం, కూరాడు కుండ, నాయిన సైకిలు, రేడియో, బడి సంచి, ఇట్లా ఇరవై వస్తువుల పేర్లు మొదటి పేజీలో రాసిపెట్టుకుంటే ఒక నెలకు సరిపడా పని దొరుకుతుంది. "మధురమైన", "మరపురాని", "తీపి" అనే విశేషణాలను మాత్రం ఆ నెలరోజులూ పక్కన పెట్టండి. ఆ వస్తువు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు, తీపి ఎక్కడ ఉందో చదివేవాళ్లే గుర్తుపడతారు.

మూడో మెట్టు: ఏ ఏడో తేల్చుకోవడం

హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని కాకతీయ రుద్రదేవుని శాసనం శక సంవత్సరం 1084, చిత్రభాను నామ సంవత్సరం అని కాలం చెప్తుంది. అది 1163వ సంవత్సరపు జనవరి అని ఇవాళ మనం లెక్కగట్టగలుగుతున్నామంటే, రాయించినవాళ్లు కాలాన్ని వదిలిపెట్టకపోవడమే కారణం. ఇంటి పుస్తకంలో కూడా ప్రతి జ్ఞాపకానికి పైన కాలం, చోటు, అక్కడ ఉన్న మనుషులు అనే మూడింటినీ ఒక వరుసలో వేసి, ఆ తర్వాతే కథలోకి దిగాలి. తేదీ సరిగ్గా తెలియకపోతే "నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, వానకాలం" అని రాసినా సరిపోతుంది.

మన పెద్దవాళ్లు అంకెలతో కాకుండా సంఘటనలతో కాలం చెప్తారు గనుక, ఆ సంఘటనల ఏళ్లు మన దగ్గర ఉంటే సగం పని అయిపోయినట్టే. "స్కైలాబ్ పడుతదన్న ఏడు" అంటే 1979. ఆ జూలై 11న ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడిపోయింది గానీ, అంతకు ముందు రోజుల్లో అది మన నెత్తినే పడుతుందని కరీంనగర్ వైపు పల్లెలు వణికిపోయాయి, ఎట్లాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లను, మేకలను కోసుకుని తిన్నవాళ్ల కథలు ఇప్పటికీ వినిపిస్తాయి. "గోదావరి పుష్కరాల ఏడు" అంటే పన్నెండేళ్లకోసారి వచ్చేది కాబట్టి 1967, 1979, 1991, 2003, 2015లలో ఏదో ఒకటి అవుతుంది, చెప్పేవాళ్ల వయసును బట్టి ఏదో పట్టుకోవచ్చు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది, ఈ మూడు దశాబ్దాలుగా అది సరిసంఖ్య ఏళ్లలోనే పడుతూ వచ్చింది. కనుక "జాతరకు పోయివచ్చిన వారానికే పిల్ల పుట్టింది" అని ఎవరైనా అంటే బేసి ఏళ్లన్నిటినీ ఒక్క దెబ్బకు తీసేయవచ్చు. "పట్టపగలే చీకటి పడ్డ గ్రహణం" గురించి చెప్తే అది 1980 ఫిబ్రవరి 16 అయి ఉండే అవకాశం ఎక్కువ. ఊళ్లో పటేల్, పట్వారీ అనే గ్రామాధికారులు ఇంకా ఉన్నారంటే 1984కు ముందరి మాట. ఏదైనా కాగితం మీద తాలూకా అని ఉంటే 1985కు ముందరిది, మండలం అని ఉంటే ఆ తర్వాతది.

పెట్టె అడుగున నిజాం కాలపు కాగితాలు దొరికిన అదృష్టవంతులు అందులోని ఫసలీ సంవత్సరాన్ని, అంటే అప్పటి సర్కారు లెక్కల్లో వాడిన ఏడును, చూసి భయపడనక్కరలేదు. ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947లో మొదలై 1948లో ముగిసిన ఏడు, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన 1948 సెప్టెంబరు ఆ ఫసలీలోనే ఉన్నది. అట్లాగే తాతలు నాయనమ్మల పుట్టుక తెలుగు సంవత్సరం పేరుతోనే తెలిస్తే, ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుందని గుర్తుంచుకోవాలి. సిద్ధార్థి అంటే 1979 ఉగాది నుంచి 1980 ఉగాది దాకా కావచ్చు, లేదా 1919లో మొదలైన ఏడు కావచ్చు. మనిషి వయసు తెలిస్తే రెండింటిలో ఏదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

ఊరి చిరునామాను రెండు విధాల రాయడం మంచిది, అప్పటి పేరుతో ఒకసారి, ఇప్పటి పేరుతో ఒకసారి. పరకాల ప్రాంతంవాళ్లకు 2016 అక్టోబరు దాకా జిల్లా వరంగల్, ఆ తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ. ఒకే ఇంటి గడప దాటకుండా మూడు జిల్లాల్లో బతికిన మనుషుల గురించి మనమడు చదివినప్పుడు అతనికి అయోమయం కలగకూడదు.

నాలుగో మెట్టు: ఎవరి మాట వారి నోటనే

నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠం చెప్పినవాళ్లలో ఒకరిని కాబట్టి, ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. కథను మనం శిష్టభాషలో నడిపించుకోవచ్చు, ఈ వ్యాసాన్ని నేను నడిపిస్తున్నట్టుగానే. కానీ మన ఇంటి మనుషులు అన్న మాటలను మాత్రం దిద్దకూడదు. మొదటి నోటుపుస్తకంలో మా నాయిన మాటను "వర్షం బాగా కురిసి చెరువు పొంగిపొర్లుతోంది" అని రాశాను. ఆయన జన్మలో అట్లా అనలేదు, అనేవాడు కూడా కాదు. "చెరువు మత్తడి దుంకుతున్నదట, పోదాం పా" అని తలుపు కొట్టి లేపి, వానలోనే సైకిలు మీద మమ్మల్ని కట్టదాకా తీసుకుపోయేవాడు. మత్తడి దుంకడంలో ఉన్న చప్పుడు, తొందర, పండుగ "పొంగిపొర్లడం"లోకి వచ్చేసరికి ఎండిపోయాయి. ఆ వాక్యాన్ని సరిచేసి రాసిన రోజు నాకు మా నాయిన గొంతు వినిపించింది.

ప్రజల పలుకుబడిని చిన్నచూపు చూడొద్దని జీవితమంతా పట్టుబట్టిన కాళోజీ నారాయణరావు మన హనుమకొండలోనే బతికిన మనిషి. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే మనం, మన ఇళ్ల పుస్తకాల్లోనే ఆ పలుకుబడిని తుడిచేయడం న్యాయం కాదు. అర్రను గది అని, దర్వాజను ద్వారమని, కచ్చురాన్ని ఎడ్లబండి అని, తలెను కంచమని మార్చి రాస్తే అర్థం పోదు గానీ ఇల్లు మారిపోతుంది. సవారి కచ్చురానికి పైన గూడు ఉండేది, అందులో పెళ్లికూతురు కూర్చునేది, ఆ తేడా "ఎడ్లబండి"లో లేదు. పిల్లలకు అర్థం కాదేమోనన్న అనుమానం ఉంటే ఎడమ పేజీలో ఆ మాటకు అర్థం రాసిపెట్టండి. నా తొమ్మిది పుస్తకాల చివర ఇప్పుడు దాదాపు నాలుగు వందల మాటల పట్టిక తయారైంది, మా మనవరాలు కథలకన్నా దాన్నే ఎక్కువ ఇష్టంగా చదువుతుంది.

అయిదో మెట్టు: పెద్దవాళ్లను అడగడం

ఇది వాయిదా వేయకూడని మెట్టు కాబట్టి, వరుసలో అయిదోదైనా మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. పెద్దవాళ్ల ఎదురుగా కూర్చుని "మీ జీవితం గురించి చెప్పండి" అంటే వాళ్లు కొంగు సర్దుకుని, "ఏమున్నది బిడ్డా, కష్టం చేసుకుంట బతికినం" అని ఒక్క మాటతో ముగిస్తారు. అది వినయం, పైగా అంత పెద్ద ప్రశ్నకు ఎవరైనా ఇంకేం చెప్పగలరు? చేతిలో ఏదైనా వస్తువో ఫోటోనో పెట్టి, చిన్న ప్రశ్న అడగాలి. ఎనభై దాటిన మా పెద్దమ్మతో నేను సంక్రాంతికి ముందు సకినాల పిండి దగ్గర కూర్చుని మాట కలిపాను.

"పెద్దమ్మా, నీ పెండ్లయిన ఏడు సకినాలు ఎవలు చుట్టిండ్రు?"

"ఎవలు జుడుతరు? నేనే సుట్టిన. మా అత్త చూస్తనే ఉన్నది. మూడు సుట్లకే తెగిపాయె. నీళ్లు ఎక్కువ కలిపితివి పొల్లా అని ఇంత పిండి మళ్ల ఏసింది."

ఆ ఒక్క ప్రశ్నతో గంటన్నర గడిచింది. కొత్తబియ్యం నానబోసి దంచిన తీరు, వాము తక్కువైందని వాడకట్టు ఆడవాళ్లు అన్న మాటలు, తెల్లగుడ్డ పరిచి సకినాలు ఆరబెట్టిన అర్ర, ఆ అర్ర ఎవరి వాటాకు పోయింది, ఆ పంపకం నాడు ఎవరు ఏడ్చారు, ఇవన్నీ ఆ పిండి చుట్టూనే తిరిగి వచ్చాయి. చేతులు పనిలో ఉన్నప్పుడు మాట తేలికగా వస్తుంది. చిక్కుడుకాయ తుంపేటప్పుడు, పూలు గుచ్చేటప్పుడు, పత్తివత్తులు చేసేటప్పుడు అడగండి.

ఫోనులోని రికార్డర్‌ను వాళ్లకు చెప్పే ఆన్ చేయాలి, చెప్పకుండా చేయడం తప్పు. ఫ్యాను కింద కూర్చుంటే గొంతు సరిగా పడదు కాబట్టి ఫ్యాను ఆపి, ఫోనును మెత్తటి గుడ్డ మీద వాళ్లకు దగ్గరగా పెట్టాలి. మొదలుపెట్టేటప్పుడు తేదీ, చోటు, మాట్లాడుతున్నవారి పేరు మీరే పలికితే, ఇరవై ఏళ్ల తర్వాత విన్నవాళ్లు ఎవరి గొంతో వెతుక్కోనక్కరలేదు. మధ్యలో తేదీ తప్పు చెప్పినా, పేరు తారుమారైనా సరిదిద్దవద్దు. ఒక్కసారి సరిదిద్దితే ఆ తర్వాత చెప్పే ప్రతి మాటకూ వాళ్లు మీ మొహం చూస్తారు. ఇద్దరు పెద్దవాళ్లు ఒకే సంగతిని రెండు రకాలుగా చెప్తే, రెండింటినీ పేర్లతో సహా రాసుకోవాలి.

ఆరో మెట్టు: ఇంటి పటం గీయడం

చిన్నప్పటి ఇంటిని పైనుంచి చూసినట్టు ఒక కాగితం మీద గీసుకోవాలి. బొమ్మ బాగా రానక్కరలేదు. వాకిలి ఎటువైపు, బాయి ఎక్కడ, రోలు ఎక్కడ, ఎవరు ఎక్కడ పడుకునేవాళ్లు, వాన కురిస్తే ఏ మూల కారేది అని గుర్తులు పెడుతూ పోతే, మరిచిపోయామనుకున్న గోడలు కూడా లేచి నిలబడతాయి. ఆ తర్వాత వీధి పటం గీయాలి. మేము వరంగల్ గిర్మాజిపేటలో ఉండేవాళ్లం, నాయిన 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లులో నౌకరీ చేసేవాడు. మా అమ్మకు గడియారంతో పని ఉండేది కాదు, మిల్లు సైరన్ వినబడితే అన్నం గంజు దించేది. మిల్లు మూతపడింది, ఆ స్థలం ఇప్పుడు వేరే రూపంలో ఉంది. అక్కడ నిలబడి నేను పటం సరిచూసుకున్న రోజున సైరన్ గురించి ఆరు పేజీలు రాశాను. వీలున్నవాళ్లు తమ పాత వీధిలో ఒకసారి నడిచి రావాలి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

ఏడో మెట్టు: ఫోటోలు, ఉత్తరాలు, క్యాసెట్లు

పాత ఫోటోలను లామినేషన్ చేయించకండి. వేడికి, జిగురుకు ఫోటో పాడవుతుంది, తర్వాత దాన్ని విడదీయడం కుదరదు. అంటుకునే పేజీలూ పైన ప్లాస్టిక్ పొరా ఉండే ఆల్బములు 1980లలో, 90లలో పెళ్లిళ్లకు బాగా వాడారు. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపురంగుకు తిరిగి ఫోటోను పట్టేస్తుంది. అందులోని ఫోటోలు సులువుగా వస్తే మెల్లగా తీయండి, రాకపోతే లాగకుండా పేజీని ఉన్నదున్నట్టు స్కాన్ చేయండి. ఫోటో వెనుక బాల్ పెన్నుతో గట్టిగా రాస్తే ముందువైపు గీత లేస్తుంది, మెత్తటి పెన్సిల్‌తో అంచుకు దగ్గరగా పేర్లు రాయాలి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరున్నారో రాయడం మరవకండి, వెనుక నిలబడ్డ పనిమనిషి పేరు కూడా.

స్కాన్ చేయించేటప్పుడు ఉత్తరాలకు 300 డీపీఐ (స్కాన్ ఎంత వివరంగా ఉండాలో చెప్పే కొలత) చాలు, చిన్న ఫోటోలకు 600 పెట్టమని అడగాలి. ఫైలు పేరును సంవత్సరంతో మొదలుపెడితే అవి వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి. ఇన్‌ల్యాండ్ ఉత్తరాలను మడతలు విప్పి సాపుగా పెట్టండి, మడత దగ్గరే కాగితం మొదట చిరుగుతుంది. వానకాలం తేమకు వెండిచేపల పురుగు పట్టకుండా వాటిని ఇనుప బీరువాలో నేలకు, గోడకు తగలకుండా ఉంచాలి. క్యాసెట్లలో ఎవరి గొంతైనా ఉంటే ఈ నెలలోనే ఫైలుగా మార్పించండి, టేపు కూడా అరుగుతుంది, దాన్ని ఆడించే యంత్రాలూ కనుమరుగవుతున్నాయి. కంప్యూటర్‌లో టైపు చేయించేవాళ్లు తప్పకుండా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోనే, చేయించాలి. పాతకాలపు డీటీపీ ఫాంట్లలో చేయించిన ఫైలు, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంలేని గుర్తుల కుప్పలా కనిపిస్తుంది. అన్నిటికీ మూడు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు ఇంట్లో ఉండాలి.

ఎనిమిదో మెట్టు: చేదును వదలకుండా రాయడం

పాత రోజుల మీద ప్రేమతో మనం చేసే ఒక పొరపాటు ఉంది. మనకు కమ్మగా గుర్తున్న ప్రతిదాని వెనుకా ఎవరో ఒకరి నడుము నొప్పి ఉంది, దాన్ని రాయకుండా వదిలేస్తాం. బాయి నీళ్ల చల్లదనం గురించి నేను రెండు పేజీలు రాశాను. ఆ నీళ్లను రోజుకు ఇరవై బొక్కెనలు చేదిన పెద్దక్క అరచేతుల గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. తర్వాత ఆమెనే అడిగి రాశాను. ఇంట్లో అందరికన్నా చివర తిన్నదెవరు, బడి మానిపించింది ఎవరిని, వాకిలి దాటి లోపలికి రానివ్వనిది ఎవరిని అని అడిగి రాస్తేనే అది మన ఇల్లవుతుంది.

అయితే బతికున్నవాళ్ల అప్పులు, కొట్లాటలు, పెళ్లి సంబంధాల గుట్టు మనవి కావు. అవి రాయాలనిపిస్తే వేరే పుస్తకంలో రాసి విడిగా దాచండి, లేదా ఆ మనిషిని అడిగి రాయండి. దుఃఖం గురించి రాస్తుంటే చెయ్యి ఆగిపోయిన రోజు పుస్తకం మూసేసి లేవడం మంచిది. అమ్మ చివరి వారం గురించి రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

తొమ్మిదో మెట్టు: పటంలా పేర్చడం

రెండు మూడు పుస్తకాలు నిండాక ఒక వరుస కావాలనిపిస్తుంది. ఏళ్లవారీగా పేరిస్తే అది నౌకరీ రికార్డులా తయారవుతుంది. నాకు దారి చూపించింది చేర్యాల నకాషీ పటం. పొడవాటి గుడ్డ మీద కథను గళ్లు గళ్లుగా గీసి, కథ చెప్పేవాళ్లు పటాన్ని విప్పుతూ ఒక్కో గడి దగ్గర ఆగి పాడుతూ చెప్తారు. ప్రతి గడి దానికదే నిండుగా ఉంటుంది, అయినా పక్క గడిలోకి చూపును నడిపిస్తుంది. నేను మా పుస్తకాలను కాలాలను బట్టి గళ్లుగా విడదీశాను.

బతుకమ్మ గడిలో తంగేడు పూల కోసం తెల్లవారుజామున గుట్టలెక్కిన పొద్దులు, గునుగుపూలకు రంగులద్దిన చేతులు, తాంబాలంలో గుమ్మడాకు పరిచి అమ్మ పేర్చిన వరుసలు, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల వంటలు, పద్మాక్షి గుట్ట దగ్గరికి నడిచి వెళ్లిన చివరి సాయంత్రం, చీకట్లో నీళ్ల మీద దూరం జరిగిపోతున్న పూలు ఉన్నాయి. ఏ ఏడు సంగతైనా ఆ గడిలోకే వెళ్తుంది. ఎండకాలపు గడి మామిడికాయ తొక్కుతో, ఆరుబయట నులక మంచాలతో నిండిపోయింది. వానకాలపు గడి చిన్నది, సంక్రాంతి గడి ఇంకా పెరుగుతూనే ఉంది.

పదో మెట్టు: చదివి వినిపించడం, ఎడమ పేజీ నింపడం

ప్రతి ఏడాది సద్దుల బతుకమ్మకు అందరం మా ఇంట్లో కలుస్తాం. మలీద ముద్దలు తిన్నాక నేను ఆ ఏడు రాసినవాటిలోంచి నాలుగైదు పేజీలు చదువుతాను. గట్టిగా చదివితే అతిగా పేర్చిన మాటలు నాలుకకే తెలిసిపోతాయి, వినేవాళ్ల మొహాల్లో వెలుగు ఎక్కడ వచ్చిందో, చూపు ఎక్కడ పక్కకు పోయిందో కనబడుతుంది. వింటూ వింటూ ఎవరో ఒకరు "అట్ల గాదు" అంటారు. ఆ మాట కోసమే ఈ చదవడమంతా. వెంటనే పుస్తకాన్ని, పెన్నును వాళ్ల చేతికిచ్చి, ఖాళీగా వదిలిన ఎడమ పేజీలో వాళ్ల చేతనే రాయించాలి. కింద పేరు, తేదీ వేయించాలి. కుడి పేజీలో మనం రాసినదాన్ని కొట్టేయకూడదు, చింపకూడదు, రెండూ ఎదురెదురుగా ఉండాలి.

ఎములాడ గంజు పేజీని నేను మొదటిసారి చదివింది రెండేళ్ల కిందట. అంచు మీది సొట్ట దగ్గరికి రాగానే మా తమ్ముడు నవ్వుతూ చెవులు పట్టుకున్నాడు. పెద్దక్క మాత్రం ఏమీ అనకుండా పుస్తకం అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఎడమ పేజీలో వంకర అక్షరాలతో రాసింది: "గంజు పడేసింది తమ్ముడు కాదు. నేనే పడేసిన. వాని మీద చెప్పిన. అమ్మ వాన్ని కొట్టింది." కింద పేరు రాసి, తేదీ వేసి, పుస్తకాన్ని తమ్ముడి చేతిలో పెట్టింది.